ఆరు పక్కల మీటలు

అతనికి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఉద్యోగపు కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ అతను బొంగరం. నిలబడితే మడమ ఆడుతుంది, కూర్చుంటే మోకాలు ఆడుతుంది, పడుకుంటే కాలి బొటనవేలు దుప్పటి కింద ఏదో లెక్క వేసుకుంటూ ఉంటుంది. చేసేది లిఫ్టులు బాగుచేసే పని. ఒక్క అంతస్తులో కుదురుగా ఉండలేని మనిషికి ఇంతకంటే తగిన పని దొరకదని అతని భార్య అంటుంది. ఆవిడకు ఆ మాట అనే హక్కుంది. ఆ ఇంట్లో మంచం ఈ నెల ఉన్న చోట వచ్చే నెల ఉండదు. తెల్లారి లేచి, అలవాటు కొద్దీ ఎడమవైపు అడుగేసి, బీరువాకి నుదురు కొట్టుకుని, "ఈ మనిషిని కట్టుకున్నందుకు నాకు తలకట్టే మిగిలింది" అని ఆవిడ నవ్విన రోజులున్నాయి, నవ్వని రోజులూ ఉన్నాయి.

పాడైన వస్తువుని బాగుచేసేవాళ్ళు లోకంలో బోలెడంతమంది. బాగున్న వస్తువు జోలికి పోయి ఇంకా బాగుచేసే జబ్బు కొందరికే ఉంటుంది. బొంగరానిది ఆ రెండో రకం. కుళాయి సరిగ్గా తిరుగుతుంటే, అది ఎడమవైపుకి తిరిగితే ఇంకా సుఖంగా ఉంటుందేమో అనిపిస్తుంది. అనిపించాక చెయ్యి ఊరుకోదు. తను పడే ఆ దురద ఎదుటివాళ్ళకి చేస్తున్న మేలని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. అసలు చిక్కంతా ఆ నమ్మకంతోనే వచ్చింది.

అతనికో అక్క ఉంది, పదేళ్ళు పెద్దది. అమ్మ పనికి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగింది ఆవిడే. చిన్నప్పుడు ఆవిడ కీబోర్డు సాధన చేస్తుంటే వీడు పక్కన నిలబడి గుండీలన్నీ తిప్పేవాడు. ఆవిడ ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో వీడి వేళ్ళు తోసేసేది. పెద్దయ్యాక ఆవిడ ఒక నాటకశాలలో వాద్యకారిణిగా కుదిరింది. వేదికకి ఎడమపక్క, చెక్క తెర వెనక ఆవిడ కుర్చీ. అక్కడినుంచి నటుల మొహాలు కనపడవు, పాదాలు కనపడతాయి. ఆ పాదాలు చూసే వాయించేది. ఏ నటుడికి ఈరోజు భయంగా ఉందో, ఎవరు మాట మర్చిపోబోతున్నారో మడమలు చూసి చెప్పేయగలదు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోమన్నవాళ్ళతో, "సాయంత్రాలు నాకు ఖాళీ లేదు" అనేది.

కిందటి వానాకాలం నాటకశాల వెనక మెట్ల మీద ఆవిడ కాలు జారింది. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు విచ్చుకోవడం మానేశాయి. ఒకప్పుడు బొటనవేలు కింది స మీద, చిటికెనవేలు పై స మీద పెట్టి స్థాయి మొత్తాన్ని జానలో పట్టేసేది. ఇప్పుడు స నుంచి ప అందుకోవడానికే పళ్ళు బిగించాలి.

దర్శకుడు చెడ్డవాడేం కాదు. ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని చెప్పాడు. "కొత్త నాటకం వేసవి దాటాక మొదలు. ఆఖరి రిహార్సల్ నాటికి మీరు వాయించగలిగితే ఆ కుర్చీ మీదే అక్కగారూ. లేదంటే రికార్డు పెట్టుకుంటాం. నన్ను తిట్టుకోకండి."

అతను వెళ్ళాక అక్క తమ్ముడితో ఒక్కటే మాట అంది. "ఆ కుర్చీ పోతే నాకింకేం లేదురా."

ఆ మాట చెవిలో పడ్డాక బొంగరం ఇక ఆగుతాడా! మర్నాడు ఒక పాత భవనంలో లిఫ్టు బాగుచేస్తూ, మోటారు చల్లబడేదాకా కింద నేల మీద కూర్చున్నాడు. నేలంతా ఆరు పక్కల టైల్స్ పరిచి ఉంది. ఊరికే ఉండలేక ఒక టైలు మీద బొటనవేలు పెట్టి, మిగతా వేళ్ళతో చుట్టూ ఉన్నవాటిని తాకడం మొదలుపెట్టాడు. చెయ్యి చాచకుండానే అన్నీ అందుతున్నాయి. మామూలు కీబోర్డులో మీటలు ఒకే వరసలో సాగదీసి ఉంటాయి కాబట్టే అక్కకి ఆ దూరం. ఇలా పైకీ పక్కకీ పరిస్తేనో? మోటారు ఎప్పుడో చల్లబడింది. ఇతను లేవలేదు. పైనుంచి కాపలావాడు "బాబూ, లిఫ్టు వస్తుందా, మెట్లెక్కమంటావా?" అని అరిచాకే లేచాడు. ఇలాంటి వాద్యాలు చేసినవాళ్ళు ముందే ఉన్నారని తర్వాత ఫోన్లో చూసి కాస్త నీరసపడ్డాడు. వాళ్ళు చేసిన పొరపాట్లు తను చెయ్యక్కర్లేదని వెంటనే సంతోషించాడు. తన పొరపాట్లు తనకి వేరే ఉంటాయని తోచలేదు.

ప్లాస్టిక్ పలక కోసి మీటలు చేశాడు. వాటి కింద తీసేసిన లిఫ్టుల బటన్ల స్ప్రింగులు పెట్టాడు. ఏ మీట నొక్కితే ఏ స్వరం పలకాలో చెప్పే చిన్న సర్క్యూట్ ఒకటి పెట్టెలో అమర్చాడు. దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించి ఏ మీటకి ఏ స్వరమైనా ఇవ్వొచ్చు. మొదటిసారి అక్క నొక్కి చూసి, "ఇది వాద్యమా, లిఫ్టా? నాలుగో అంతస్తుకి ఏది నొక్కాలి?" అంది. నవ్వింది కూడా. ఎముక విరిగాక ఆవిడ నవ్వడం అదే మొదలు, అందుకని అతనికి ఒళ్ళు మరిచిపోయినంత సంబరమైంది.

అమరిక ఇలా చేశాడు. ఏ మీట మీద వేలు పెట్టినా దాని కుడిపక్కది స నుంచి రి అంత దూరం. పైన కుడివైపుది స నుంచి ప అంత. పైన ఎడమవైపుది స నుంచి మ అంత. నిటారుగా రెండు వరసలు పైకెళ్తే పై స. బొటనవేలు ఇక్కడ, మధ్యవేలు అక్కడ, అంతే. పాటని ఒక చోట నేర్చుకుంటే చాలు, శ్రుతి మారితే చెయ్యి మొత్తం జరుపుకోవాలి తప్ప వేళ్ళ తీరు మారదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. అక్క మాటవరసకి ఒక కోరిక చెప్పింది. కొత్త నాటకంలో ఒక మనిషి తమ్ముడి ఇంటి తలుపు దాకా వచ్చి, తట్టకుండా వెనక్కి తిరుగుతాడు. "అక్కడ చిన్న గ పెడితే ఏడుపులా ఉంది, పెద్ద గ పెడితే పండగలా ఉంది. ఆ రెంటికీ మధ్య ఒకటుందిరా. గొంతులో వస్తుంది, మీటల్లో లేదు."

"ఎలాగూ చేస్తున్నాం కదా," అన్నాడు బొంగరం. ఆ మాట అతని నోట వచ్చిందంటే భార్య ఇంట్లో పగిలే సామాను ఎత్తి పైన పెడుతుంది.

మామూలు వాద్యంలో స నుంచి పై స దాకా పన్నెండు సమానమైన మెట్లు. వాటిని సగానికి కోసేస్తే సరి అనుకున్నాడు, ఇరవైనాలుగు. రి కి నాలుగు మెట్లు, మ కి పది, ప కి పద్నాలుగు. అంతా ఎక్కించి అక్క ముందు పెట్టాడు. ఆవిడ ఆ చివర నుంచి ఈ చివర దాకా నొక్కి, "ఇవన్నీ పాతవే కదరా, కొత్తది ఒక్కటీ లేదే" అంది. వైర్లు చూశాడు, స్ప్రింగులు చూశాడు, స్పీకరు మార్చాడు. పని మీద ఉన్నా మనసంతా దాని మీదే. చివరికి ఓ లిఫ్టు పైకప్పు మీద నిలబడి ఉండగా వెలిగింది. నాలుగు, పది, పద్నాలుగు, అన్నీ సరిసంఖ్యలే. సరిసంఖ్యల్ని ఎన్ని కూడినా, ఎన్ని తీసేసినా బేసి రాదు. కొత్త స్వరాలన్నీ బేసి మెట్ల మీద కూర్చుని ఉన్నాయి, తన మీటలు వాటిని దాటుకుంటూ పోతున్నాయి. ఆ పైకప్పు మీదే తనని తాను నాలుగు తిట్టుకుని, నవ్వుకున్నాడు.

అప్పుడు స నుంచి పై స దాకా ముప్ఫైఒక్క మెట్లుగా కోసి చూశాడు. రి కి ఐదు మెట్లు, మ కి పదమూడు, ప కి పద్దెనిమిది. ఈసారి ఏ స్వరమూ బయట నిలబడిపోలేదు. అక్కకి కావలసిన నడిమి గ తొమ్మిదో మెట్టు మీద దొరికింది. కాకపోతే అది మరీ దూరంగా పడింది, కుడికి ఎనిమిది మీటలు దాటి, రెండు వరసలు కిందికి. అక్క కుడిచెయ్యి అంతదూరం పోలేదు. ఎడమచేతిని కుడిచేతి మీదుగా ఎగరేసి అందుకోవడం నేర్చుకుంది. ఆ ఎగరడానికి అరక్షణం పడుతుంది. ఆ అరక్షణం వాద్యం మూగబోతుంది, తర్వాత ఆ స్వరం వస్తుంది. విని దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. "ఆ ఆగడం ఎలా పెట్టారు?" అని అడిగాడు. అక్క చెప్పలేదు.

నెలలు గడిచాయి. అక్క సాధన చేస్తూనే ఉంది, తమ్ముడు చెయ్యి పెడుతూనే ఉన్నాడు. ఒక మీట కీచుమంటోందని ఒక మెట్టు దించాడు. అంచున ఉన్నది అక్క ఎప్పుడూ నొక్కదని దాన్ని ఇంకో స్వరానికి ఇచ్చేశాడు. కొన్ని చెప్పి చేశాడు, కొన్ని చెప్పడం మర్చిపోయాడు. ఎప్పుడు మార్చినా పాతదాని మీదే కొత్తది రాసేసేవాడు. పాతది దాచుకోవడమంటే కొత్తదాని మీద నమ్మకం లేకపోవడమేనని అతని సిద్ధాంతం.

ఆఖరి రిహార్సల్ రేపనగా అతని బుర్రలో మెరుపు మెరిసింది. తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది! నడిమి గ సరిగ్గా స కీ ప కీ మధ్యన ఉంది. స పక్కనే దాన్ని పెట్టి, దాని పక్కనే ప పెడితే మూడూ ఒక గీతలో వస్తాయి. చెయ్యి ఎగరేసే బాధే ఉండదు. అక్కకి ఎంత సుఖం! రిహార్సల్ రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళగానే నాటకశాల వెనకగదిలోకి దూరి, అమరిక మొత్తం కొత్తగా ఎక్కించేశాడు. అంత అందమైన అమరిక తన జన్మలో చెయ్యలేదు. అక్క మొహం ఎలా వెలుగుతుందో చూద్దామని తెర పక్కన నక్కాడు.

అక్క వచ్చి కూర్చుంది. దీపాలు తగ్గాయి. పాదాలు కదిలాయి. ఆవిడ మొదటి వరస వాయించింది.

అటక మీంచి గిన్నెలు దొర్లినట్టు వినపడింది. ఆవిడ ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే. వేదిక మీద ఎవరో కిసుక్కుమన్నారు. మూడోసారి ఆవిడ ప్రయత్నించలేదు, రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతుల్ని చూసినప్పుడు బొంగరానికి జీవితంలో మొదటిసారి కాళ్ళు కదల్లేదు.

దర్శకుడు వచ్చాడు. కోప్పడలేదు, అదే ఇంకా భయంగా ఉంది. "రేపు మధ్యాహ్నం ఇంకొక్కసారి చూద్దాం అక్కగారూ. ఎల్లుండే మొదటి ఆట. అంతకుమించి నా చేతుల్లో లేదు," అన్నాడు.

అందరూ వెళ్ళాక అక్క తమ్ముడి వైపు తిరిగింది. "ఏం చేశావు?"

"నీకు దూరం తగ్గించానక్కా. చెయ్యి ఎగరేయక్కర్లేకుండా..."

"నన్నడిగావా?"

అతను ల్యాప్‌టాప్ మూత తెరిచాడు.

"సరే, పాతది పెట్టు."

అతనికి అమరిక సూత్రం తెలుసు, అది క్షణాల్లో ఎక్కించొచ్చు. కానీ దాని మీద ఇన్ని నెలలుగా తను గిల్లిన గిల్లుళ్ళు? ఏ మీటని ఎంత దించాడో, ఏ అంచుని దేనికిచ్చాడో తనకే గుర్తు లేదు. "పాతది లేదక్కా," అన్నాడు.

అక్క తిట్టలేదు. వాద్యం మీద గుడ్డ కప్పి, "పొద్దున్నే రా," అంది.

పొద్దున ఆవిడ వెనకగదిలో బల్ల మీద వాద్యాన్ని పెట్టించింది, శబ్దం ఆపించింది. "నేను కళ్ళు మూసుకుని వాయిస్తాను. వేలు ఎక్కడ పడితే అక్కడ ఏం పలకాలో పాడతాను. నువ్వు అది పెట్టు. నీ తెలివి వాడకు." మొదలుపెట్టింది. మూగ మీటల మీద వేళ్ళు నడుస్తుంటే ఆవిడ గొంతు, కొంచెం బొంగురుపోయిన గొంతు, ఒక్కో స్వరాన్నీ అందిస్తోంది. అతను విని, మెట్టు వెతికి, ఆ మీటకి ఎక్కిస్తున్నాడు. మోకాలు ఆడబోయింది. "కాలు ఆపు," అంది కళ్ళు తెరవకుండానే. ఆపాడు. ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది, లేచి నాలుగడుగులు వేస్తే చాలనిపించింది. లేవలేదు.

కింది వరస అంచున ఒక మీట దగ్గర ఆవిడ పాడిన స్వరం విని అతను తలెత్తాడు. "అక్కా, అది తప్పు. అక్కడ ఆ స్వరం ఎందుకుంటుంది? దాని పక్కది ఉండాలి."

"నువ్వే పెట్టావు. చలి తగ్గాక ఒకరోజు. చెప్పలేదు."

"మరి నువ్వు అడగలేదే?"

"అడిగితే ఇంకోటి మారుస్తావని అడగలేదు." ఆవిడ కళ్ళు తెరిచింది. "నువ్వు మార్చిన ప్రతిసారీ నేను మళ్ళీ మొదట్నించి నేర్చుకున్నానురా. చెయ్యి వాస్తే వేడినీళ్ళలో పెట్టుకుని నేర్చుకున్నా. నువ్వు సంబరంగా వచ్చి 'ఎలా ఉందక్కా' అంటే బాగుందన్నా. నా కోసమే కదా చేస్తున్నాడు, వాణ్ణేం అంటాను అనుకున్నా."

బొంగరం తల వంచుకుని ఏడ్చాడు. వాద్యం చేసింది తనేనని ఇన్నాళ్ళూ ఊరంతా చెప్పుకున్నాడు. తను ముచ్చటపడి చేసిన ప్రతి మార్పునీ ఆ విరిగిన చెయ్యే వెనకనుంచి మోసిందని ఇప్పుడు తెలిసింది. ఆవిడ కాసేపు ఏడవనిచ్చి, "తర్వాత మీట," అంది. అతను కళ్ళు తుడుచుకుని తర్వాత మీట పెట్టాడు. తప్పనిపించినవి ఇంకా వచ్చాయి. ఆవిడ ఏది పాడితే అదే పెట్టాడు, ఒక్కదానికీ నోరెత్తలేదు.

మధ్యాహ్నం రిహార్సల్ నిలబడింది. నడిమి గ దగ్గర ఎడమచెయ్యి ఎగిరి సరిగ్గా వాలింది. దర్శకుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రికార్డు సంగతి మర్చిపోండి," అన్నాడు. అక్క తలాడించింది. కుర్చీ ఆవిడకి దక్కింది.

మొదటి ఆట రోజు జనం నిండుగా వచ్చారు. బొంగరం తెర పక్కన గోడ పట్టుకుని నిలబడ్డాడు. నటుడు తలుపు దాకా వచ్చాడు, చెయ్యెత్తాడు, దించాడు. అక్క ఎడమచెయ్యి లేచింది. గాల్లోనే ఆగింది. ఎప్పుడూ పట్టే అరక్షణం దాటిపోయింది. ఇంకా ఆగింది. నటుడి పాదం ఒకటి వెనక్కి తిరిగి, రెండోది తిరగాలో వద్దో తెలియక అక్కడే ఉండిపోయింది. హాల్లో దగ్గు కూడా లేదు. అయిపోయింది, మళ్ళీ ఏదో తప్పు పెట్టాననుకున్నాడు అతను. అప్పుడు ఆ చెయ్యి వాలింది. ఆ స్వరం పలికింది. ముందు వరసలో ఎవరో పైకే నిట్టూర్చారు.

ఆట అయ్యాక అందరూ ఆ ఒక్క చోటు గురించే మాట్లాడుకున్నారు. దర్శకుడు వచ్చి అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. "రేపు కూడా అంతసేపే ఆగండి. రోజూ అలాగే ఆగండి," అని చెప్పి వెళ్ళాడు.

బొంగరం వాద్యం మీద గుడ్డ కప్పుతూ అడిగాడు. "రిహార్సల్‌లో అంత ఆగలేదు కదక్కా. అలా ఆగాలని ఎప్పుడు తట్టింది నీకు?"

అక్క మణికట్టు నొక్కుకుంటూ అతని వైపు చూసింది. మొహంలో కోపం లేదు.

"తట్టడం కాదురా," అంది. "మళ్ళీ మార్చావేమోనని భయమేసింది."